పౌలు చురక, వేమన వాత

భక్తి గ్రంథంలో ఎకసెక్కం ఉంటుందంటే మనలో చాలామందికి మింగుడుపడదు. దేవుడి సంగతి మాట్లాడేవాడు మెత్తగా బుజ్జగించాలి, లేదంటే ఉరిమి శపించాలి. వెక్కిరింపు మాత్రం రచ్చబండ సరుకు అని మన లెక్క. ఆ లెక్కతోనే ఆదివారం ఆరాధనలో పౌలు పత్రికలు చదువుతారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు ఆ సంఘంవాళ్లను పట్టుకుని, మీకేం తక్కువ, అప్పుడే కడుపులు నిండాయి, సిరి కలిగింది, మా అవసరం లేకుండానే రాజ్యం ఏలుతున్నారు అన్న ధోరణిలో మొదలుపెడతాడు. నిజంగానే ఏలుతుంటే మాకూ పక్కన ఇంత చోటు దొరికేది కదా అని చిన్న నిట్టూర్పు కూడా కలుపుతాడు. వెంటనే తమ సంగతి చెబుతాడు: అపొస్తలులు ఊరేగింపులో అందరికన్నా వెనక, చావుకు సిద్ధమైన ఖైదీల్లా నడుస్తున్నారు, లోకానికి తమాషా అయ్యారు, ఆకలి, చినిగిన బట్టలు, చెంపదెబ్బలు. ఈ భాగాన్ని దీవెన చదివినట్టు ఒకే రాగంలో చదివితే వినేవాళ్లకు మొదటి సగం దీవెనలాగానే వినపడుతుంది. నాలుగో శతాబ్దిలో జాన్ క్రిసోస్తం ఈ పత్రిక మీద ప్రసంగిస్తూ, ఇక్కడ అపొస్తలుడు పొగడడం లేదు, సిగ్గు పుట్టించడానికి ఎత్తిపొడుస్తున్నాడు అని విడమరిచి చెప్పవలసి వచ్చింది. గ్రీకు ఇంటి భాషగా ఉన్న శ్రోతలకే ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే, అనువాదంలో వినే మన సంగతి వేరే చెప్పాలా?

ఇలాంటి చోట్లను పౌలు కోపంలో నోరు జారినవిగా సర్దిచెప్పేవాళ్లున్నారు. మహానుభావుడైనా మనిషే కదా అని క్షమించేస్తారు. ఆ క్షమాపణ పౌలుకు అక్కర్లేదని నేననుకుంటాను. అతని ఎత్తిపొడుపు చాలా చోట్ల ఒక తర్కం. అది కూడా ఇంకో రకంగా చెప్పడానికి వీల్లేని తర్కం. సంతలో ఒకడి పడి దొంగ పడి అని తేల్చాలంటే వాడితో వాదించి లాభం లేదు. మన గింజలు వాడి పడిలోనే పోసి పదిమంది ముందు కొలిచి చూపాలి. పౌలు చేసిందదే. మన బుక్కపట్నానికి తూర్పున, కదిరి దాటాక వచ్చే కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన చేసిందీ అదే. ఇద్దరి మధ్య పదహారు శతాబ్దాల దూరం ఉంది, ఒకరి పేరు ఒకరికి తెలిసే అవకాశమే లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూస్తే, మతం విషయంలో వెక్కిరింపు ఎప్పుడు వాదం అవుతుందో, ఎప్పుడు ఉత్త తిట్టుగా మిగులుతుందో తెలుస్తుంది.

ముందు కొరింథు సంగతి. పాత కొరింథును క్రీ.పూ. 146లో రోమన్లు నేలమట్టం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ అక్కడ రోమన్ వలస ఊరు నిలబెట్టాడు. వచ్చి స్థిరపడినవాళ్లలో బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు చాలామంది. రెండు వైపులా రేవులు, చేతినిండా వ్యాపారం, తాతముత్తాతల పేరు లేని చోట డబ్బుతో పేరు సంపాదించాలన్న తాపత్రయం. ఎవడు ఎవడికి పోషకుడు, ఎవడి పేరు ఏ రాతి మీద చెక్కారు, ఎవడి వెనక ఏ వక్త ఉన్నాడు అన్నవే అక్కడ మనిషి కొలతలు. డెల్ఫీలో దొరికిన గల్లియో శాసనాన్ని బట్టి పౌలు అక్కడ ఉన్నది క్రీ.శ. 51 ప్రాంతమని లెక్క తేలుతుంది. గుడారాలు కుట్టి బతికాడు. అతను వెళ్లిపోయాక వేరే బోధకులు వచ్చారు, చేతిలో సిఫారసు ఉత్తరాలతో, నోట్లో వాగ్ధాటితో. పౌలు ఉత్తరాల్లో పులి గానీ ఎదుట నిలబడితే పిల్లి అన్న మాట ఊళ్లో పాకింది. రెండో పత్రిక పదో అధ్యాయంలో ఆ పుకారును పౌలే బయటపెడతాడు.

ఇప్పుడు అతనేం చేయాలి? ఊరుకుంటే వాళ్లు చెప్పింది నిజమైపోతుంది. నేనే గొప్ప వక్తను, నాకే పెద్ద సిఫారసులున్నాయి అంటే కొరింథువాళ్ల కొలతను ఒప్పుకున్నట్టవుతుంది. సిలువ మీద చచ్చినవాణ్ణి ప్రభువంటూ చాటేవాడు ఆ కొలతను ఒప్పుకుంటే అతని బోధకే నిలువనీడ ఉండదు. గొప్పలు చెప్పుకోవడం తప్పు అని నీతి బోధిస్తే, చెప్పుకోవడానికేమీ లేనివాడు ఇంకేమంటాడు అని నవ్వుతారు. మూడు దారులూ మూసుకుపోయాక పౌలు వేషం కడతాడు. పదకొండో అధ్యాయంలో, సరే, కాసేపు నేనూ తెలివితక్కువవాణ్ణవుతాను, మీరు తెలివైనవాళ్లు కదా, తెలివితక్కువవాళ్లను భరించడం మీకు అలవాటే అన్న ఒరవడిలో దిగుతాడు. మిమ్మల్ని బానిసలు చేసినా, దోచుకు తిన్నా, మొహం మీద కొట్టినా ఓర్చుకుంటున్నారే, పాపం మాకంత చేతకాలేదు అంటాడు. ఇక గొప్పల జాబితా. ఆ కాలపు గొప్పవాళ్లు గెలిచిన యుద్ధాలు, కట్టించిన గుళ్లు లెక్కపెట్టినట్టే అంకెలతో సహా లెక్కపెడతాడు. అవన్నీ దెబ్బలు: యూదుల చేత ఐదుసార్లు ముప్పైతొమ్మిదేసి కొరడా దెబ్బలు, మూడుసార్లు బెత్తాలు, ఒకసారి రాళ్లు, మూడుసార్లు ఓడ పగిలి సముద్రంలో.

జాబితా చివర దమస్కు కథ పెట్టాడు. అరెత రాజు కింది అధికారి ఊరికి కాపలా పెట్టి పట్టుకోబోతే, గోడకున్న కిటికీలోంచి గంపలో కూర్చోబెట్టి పౌలును కిందికి దించారు, అలా తప్పించుకున్నాడు. అంతే కథ. ఇంత పెద్ద జాబితాకు ఇదేం ముగింపు అని ఎవరికైనా అనిపిస్తుంది. రోమన్ సైన్యంలో ఒక ఆచారం ఉండేది. శత్రువు కోట గోడ మొదట ఎక్కి లోపలికి దూకిన సిపాయికి బంగారు కిరీటం బహుమానం. పౌలు తన వీరగాథకు శిఖరంగా పెట్టింది గోడ దిగి పారిపోయిన కథ, అదీ చేపలో కూరగాయలో మోసే గంపలో అని చరిత్రకారుడు ఎడ్విన్ జడ్జ్ ఎత్తిచూపాడు. పౌలు మనసులో కచ్చితంగా ఆ కిరీటమే ఉందో లేదో నిరూపించలేం గానీ, రోమన్ వలస ఊళ్లో కూర్చుని వింటున్నవాళ్లకు అది తట్టకుండా ఉండదు. పన్నెండో అధ్యాయంలో ఇంకో అడుగు వేస్తాడు. మీ కొత్త బోధకులు దర్శనాలు చూస్తారా, నేనూ మూడో ఆకాశం దాకా వెళ్లొచ్చాను అంటాడు. ఏం విన్నావయ్యా అంటే చెప్పకూడదు. ఒంట్లో గుచ్చుకున్న ముల్లు తీసేయమని మూడుసార్లు ప్రార్థించానంటాడు. తీసేశారా అంటే లేదు. స్వస్థత జరగని స్వస్థత సాక్ష్యం, కబురు తేని పరలోక యాత్ర. కొరింథువాళ్ల పడిలో పోసిన గింజలివి. ఎంత పోసినా పడి నిండదు. పోసేవాడి తప్పు కాదని అప్పటికి అందరికీ తెలిసిపోయి ఉంటుంది.

జీతం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. కొరింథులో పౌలు బోధకు కూలి పుచ్చుకోలేదు. మనకది త్యాగంలా కనిపిస్తుంది గానీ అక్కడి పెద్దలకది అవమానం. పోషకుడు ఇచ్చింది తీసుకోకపోతే అతని చేయి కిందవేసినట్టే, పైగా చేతిపని చేసుకునేవాడు తమకు గురువని చెప్పుకోవడం ఇంకా నామోషీ. అందుకని పౌలు తమను మిగతా సంఘాలకన్నా తక్కువగా చూశాడని సణిగారు. దానికి పౌలు జవాబు: మిగతా సంఘాలకన్నా మీకు నేను చేసిన లోటల్లా మీ మీద భారం వేయకపోవడమే కదా, ఈ అన్యాయానికి నన్ను క్షమించండి. అంటే ఇంతే. క్షమాపణ అడిగిన చోటే నేరం ఎవరిదో తేలిపోయింది.

ఇది పౌలు సొంత విద్యేమీ కాదు. ఉత్తరాలు ఎన్ని రకాలుగా రాయవచ్చో నేర్పే పుస్తకాలు ఆ లోకంలో ఉండేవి. దెమెత్రియస్ పేరుతో చలామణీ అయిన ఒకదానిలో 21 రకాలున్నాయి, లిబానియస్ పేరుతో తర్వాత వచ్చినదానిలో 41. వ్యంగ్యంగా రాసే ఉత్తరం రెండింటిలోనూ ఒక రకం. పౌలు తర్వాతి తరంవాడైన క్వింటిలియన్, చెప్పినదానికి విరుద్ధమైన అర్థం వినేవాడికి ఎలా తడుతుందో రాస్తూ, చెప్పే తీరో, చెప్పే మనిషో, చెప్పే విషయమో మాటతో పొసగకపోతే అక్కడ తెలుస్తుందంటాడు. ఉత్తరాన్ని సంఘంలో ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వినేవాళ్లు. రాతలో ప్రశ్నార్థకాలు లేవు, పదాల మధ్య ఎడం కూడా లేదు. చురక చదివేవాడి గొంతులోనే ఉండాలి. అందుకే ఇప్పటికీ కొన్ని వాక్యాలు ప్రశ్నలా, ఎత్తిపొడుపులా, మామూలు మాటలా అని పండితులు తగువులాడుకుంటున్నారు. సంఘంలో చీలికలు ఉండాల్సిందే, లేకపోతే యోగ్యులెవరో ఎలా తెలుస్తుంది అని మొదటి పత్రిక పదకొండో అధ్యాయంలో పౌలు అన్నది నిజంగా సిద్ధాంతమా, చురకా? పక్కనే ఉన్నవాళ్లు ఆకలితో మాడుతుంటే ప్రభువు బల్ల దగ్గర ధనికులు ముందే తిని తాగుతున్న సందర్భంలో అన్న మాట అది. నాకు మాత్రం అది చురకే. తినడానికి మీకు ఇళ్లు లేవా అని ఆ వెంటనే అడిగినవాడు అంతకుముందు మాటను చల్లగా అని ఉండడు.

వేమన దగ్గరికి వద్దాం. 17వ శతాబ్దానికి అటూ ఇటూ అని చెప్పడం తప్ప కాలం తేలని కవి. ఆయన్ను మొదట పట్టించుకున్నవాళ్లలో క్రైస్తవ పాదరులుండటం ఈ వ్యాసానికి కలిసొచ్చిన విషయం. ఈ సీమలో పనిచేసిన ఫ్రెంచి జెసూట్ లెగాక్ 1731 ప్రాంతంలో వేమన పద్యాలు సేకరించాడని పరిశోధకులు చెబుతారు. పాదరీ దుబాయ్ పుస్తకంలో వేమన ప్రస్తావన చూసి సి.పి. బ్రౌన్ వెతుకులాట మొదలుపెట్టాడు, 1829లో 693 పద్యాలు, 1839లో 1164 పద్యాలు అచ్చువేశాడు. పండితులు కవిగా లెక్కచేయని ఈ మనిషిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1928లో అనంతపురంలో ఇచ్చిన ఉపన్యాసాలు సాహిత్య చర్చలో గట్టిగా కూర్చోబెట్టాయి. వేమన తర్కం అందరికీ నోటికొచ్చిన పద్యాల్లోనే కనిపిస్తుంది. బూడిద పూసుకుంటే ముక్తి అంటావా, బూడిదలో దొర్లే జంతువు సంగతేమిటి? నీళ్లలో మునిగితే పుణ్యమా, మరి కప్ప? ఒంటికాలి మీద కళ్లు మూసుకు నిలబడితే ధ్యానమా, మరి కొంగ? ఇదంతా ఎగతాళిలా వినబడే శుద్ధమైన తర్కం. నీ కొలతే సరైనదైతే నీకంటే ముందు వీటికి మోక్షం రావాలి. రాతి బసవన్నకు దండం పెట్టి, నడిచే బసవన్నను ములుకర్రతో పొడిచేవాడి మీద చెప్పిన పద్యం మన ప్రాంతంలో ఇంకా సూటిగా తగులుతుంది. లేపాక్షిలో ఒకే రాతిలో చెక్కిన నంది మెడలో గంటలు, గొలుసులు ఎంత నాజూగ్గా మలిచారో చూడటానికి జనం ఆగుతారు. ఆ దారినే బరువు లాగే ఎద్దు మెడ మీద కాడి రాసుకుని పుండు పడి ఉంటుంది, దానికోసం ఎవరూ ఆగరు. యెషయా గ్రంథం నలభైనాలుగో అధ్యాయంలో ఒకే మానులో సగం పొయ్యిలో పెట్టి చలికాచుకుని, మిగతా సగాన్ని దేవుణ్ణి చేసి మొక్కే వడ్రంగి ఉన్నాడు. పౌలు చదువుకున్న గ్రంథమది. ఆకలితో వచ్చినవాడికి ఏమీ పెట్టకుండా, చలికాచుకో, తృప్తిగా తిను అని సాగనంపే భక్తుణ్ణి యాకోబు పత్రిక పట్టుకున్న తీరు మాత్రం ఇంకా వేమనకు దగ్గర.

ఇద్దరికీ తేడా లేకపోలేదు. పౌలు ఒక సంఘాన్ని కన్నవాడిగా మాట్లాడతాడు. నాలుగో అధ్యాయంలో అంత చురక పెట్టాక, సిగ్గుపరచాలని కాదు, నా పిల్లలని బుద్ధి చెబుతున్నాను అంటాడు. వేమనకు సంఘమూ లేదు, పిల్లలూ లేరు, ఎవరూ పిలవకపోయినా వచ్చి నాలుగు మాటలని వెళ్లిపోయేవాడు. మన సాహిత్యంలో నిందాస్తుతి అని ఇంకో దారి ఉంది. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర దేవుణ్ణే ఎత్తిపొడుస్తాడు. అది పైకి విసిరే చురక, దేవుడు నొచ్చుకోడన్న ధీమా దాని వెనకుంది. మనుషుల మీద విసిరే చురకకు ఆ ధీమా ఉండదు. దానికి వేరే హామీ కావాలి. పౌలు ఆ హామీని తన మీదే పెట్టాడు: వెర్రివాడి వేషం తనదే, నవ్వులపాలైన ఒళ్లూ తనదే. వేమన పద్యం ఏం చెప్పినా చివర పిలిచి వినమనేది వేమననే. అంటే దెబ్బ అందరికన్నా ముందు తగిలేది చెప్పినవాడి వీపు మీదే.

దీనికి మొదటి అభ్యంతరం పౌలు మాటల్లోంచే వస్తుంది. హింసించేవాళ్లను దీవించమని రోమీయులకు రాసినవాడు, ప్రేమ మీద కొరింథీయులకే ఒక అధ్యాయం రాసినవాడు ఇలా ఎత్తిపొడవచ్చా? ప్రేమ అంటే మెత్తని మాట అనుకుంటే ఈ ప్రశ్న నిలుస్తుంది. కానీ కొరింథులో మెత్తగా మాట్లాడినవాళ్లు కొత్త బోధకులే, సంఘాన్ని దోచుకుంటున్నదీ వాళ్లేనని పౌలు ఆరోపణ. బీదవాళ్లు ఆకలితో కూర్చున్న బల్ల దగ్గర మెత్తని మాట ఎవరికి మేలు చేస్తుందో ఆలోచించాలి. రెండో అభ్యంతరం బలమైనది. గలతీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో, అన్యజనులకు సున్నతి చేయించాలని పట్టుబట్టినవాళ్లను ఉద్దేశించి, అంత ఇష్టమైతే మొత్తమే కోసేసుకోమను అన్నంత మాట ఉంది. ఆ గలతీయుల సీమలోనే ఉన్న పెస్సినస్‌లో సిబెలె దేవత పూజారులు తమను తాము నపుంసకులను చేసుకునేవాళ్లు. మీరు చేసేది దానికి ఎంత దూరం అన్న వాదం ఇందులో కొంత ఉంది. అగస్టీన్ దీన్ని శాపం రూపంలో ఉన్న దీవెనగా సర్దిచెప్పాడు. జెరోమ్ మాత్రం అపొస్తలుడూ ఒంట్లో రక్తం ఉన్న మనిషేనని ఒప్పుకున్నాడు. జెరోమ్‌దే నిజాయితీ. ఇక్కడ పౌలు తనను కొలతలో పెట్టుకోలేదు, వేషం కట్టలేదు, కత్తి అవతలివాళ్ల వైపే తిప్పాడు. ఇది వాదం దాటిన కోపం. ఇదొక్కటి చూపి మిగతావన్నీ కోపమేననడం ఎంత తప్పో, మిగతావి చూపి దీన్ని వెనకేసుకురావడం అంతే తప్పు.

మూడో అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చురక వేసినవాడు పోతాడు, చురక మిగులుతుంది, అది ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. ఫిలిప్పీయుల పత్రికలో సున్నతి వాదుల్ని కుక్కలన్న పౌలు తానూ సున్నతి పొందిన యూదుడే, ఆ వెంటనే తన వంశావళి అంతా చెప్పి దాన్ని పెంట కింద లెక్కగట్టుకుంటాడు. అది ఇంటి గొడవ. క్రైస్తవం రాజమతమయ్యాక ఆ ఇంటి గొడవలోని మాటలు పొరుగింటివాడి మీద రాళ్లయ్యాయి. 386, 387 సంవత్సరాల్లో అంతియొకయలో, యూదుల పండుగలకు వెళ్లే క్రైస్తవులను మందలిస్తూ యూదుల మీద దారుణంగా మాట్లాడింది, పౌలు వ్యంగ్యాన్ని అంత చక్కగా విప్పిచెప్పిన ఆ క్రిసోస్తమే. వేమన పేరు మీద ఉన్న పద్యాల్లోనూ ఆడవాళ్ల మీద, కింది కులాలవాళ్ల మీద అన్నవి ఉన్నాయి. అవి ఆయనవి కావని కొట్టేసేవాళ్లున్నారు, కావచ్చు. ఎవరివైనా వాటిలో తర్కం లేదు. ఏ కొలతనూ పరీక్షించవు, చెప్పినవాడి వీపు మీద ఏమీ పడదు, కింద ఉన్నవాడి మీదే పడుతుంది. రాతి బసవన్న పద్యం పక్కన వాటిని పెట్టి చదివితే ఎవరికైనా ఆ తేడా తెలుస్తుంది. పౌలు మాటలు క్రిసోస్తం నోట్లో చెడ్డదీ ఇలాగే.

పౌలు ఎత్తిపొడుపు సంఘాన్ని విరగ్గొట్టిందా అంటే, ఉన్న ఆధారాలు కాదనే చెబుతున్నాయి. రెండో పత్రిక తర్వాత అతను మళ్లీ కొరింథు వెళ్లాడు, రోమీయులకు పత్రిక అక్కడినుంచే రాశాడని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. అందులో తనకూ సంఘమంతటికీ ఆతిథ్యమిచ్చిన గాయియు పేరు చెబుతాడు. యెరూషలేములోని బీదలకోసం అకయవాళ్లు చందా ఇచ్చారనీ రాస్తాడు. అకయ అంటే కొరింథు ఉన్న సీమే. అంటే వెక్కిరించినవాడికి ఇల్లు ఇచ్చారు, అతను అడిగిన పనికి డబ్బూ ఇచ్చారు. పూర్తిగా మారిపోయారని మాత్రం అనలేం. దాదాపు 40 ఏళ్ల తర్వాత కొరింథులో మళ్లీ చీలికలు వచ్చి పెద్దల్ని దించేశారు. రోమ్ సంఘం పేరున క్లెమెంట్ వాళ్లకు ఉత్తరం రాసి, పౌలు రాసిన పత్రిక మళ్లీ తీసి చదువుకోండి అని గుర్తుచేశాడు. క్లెమెంట్ మర్యాదస్తుడు, చురకలు వేసే రకం కాదు. ఆయన ఉత్తరం 65 అధ్యాయాలు వచ్చింది.